నెట్టు పైన పది సెంటీమీటర్లు

వాలీబాల్ పుట్టినప్పుడు అందులో స్మాష్ లేదు. 1895లో అమెరికాలోని హోల్యోక్ ఊళ్లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గన్ ఈ ఆటను తయారు చేసింది నడివయసు వ్యాపారుల కోసం. అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన బాస్కెట్‌బాల్‌లో తోపులాట ఎక్కువ, అది వాళ్ల ఒంటికి పడదు. అందుకని మధ్యలో ఆరున్నర అడుగుల ఎత్తున నెట్టు కట్టి, బంతి కింద పడకుండా అటూ ఇటూ తోసుకోమన్నాడు. ఒకవైపు వాళ్లు బంతిని ఎన్నిసార్లయినా ముట్టుకోవచ్చు. ఎదుటివాళ్లను దెబ్బతీయాలన్న ఆలోచన అందులో పెద్దగా లేదు. అలసిపోకుండా చెమట పట్టించే ఆట అది, అంతే.

దాడి వచ్చింది ఫిలిప్పీన్స్ నుంచి. అక్కడికి కూడా ఆటను తీసుకెళ్లింది వై.ఎం.సి.ఎ. వాళ్లే. 1916 నాటికి అక్కడి కుర్రాళ్లు కొత్త పద్ధతి పట్టారు. ఒకడు నెట్టు పక్కన బంతిని నిటారుగా పైకి లేపేవాడు, ఇంకొకడు పరుగెత్తుకొచ్చి ఎగిరి దాన్ని కిందికి బాదేవాడు. ఆ దెబ్బకు వాళ్లు పెట్టుకున్న పేరు 'బొంబా'. 1920లో ఒకవైపు మూడు స్పర్శలకు మించకూడదన్న నిబంధన వచ్చింది. దాంతో ఇవాళ మనం చూసే వరుస ఖాయమైంది: ఒకరు అందుకుంటారు, ఒకరు లేపుతారు, ఒకరు కొడతారు. అదే 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. దక్షిణాది బడులకు తొలితరం డ్రిల్ మాస్టర్లు చాలామంది అక్కడ తయారైనవారే.

వందేళ్లు దాటినా మన బడుల్లో దాడి నేర్పే తీరు మాత్రం ఆ మూడింటిలో చివరిదాని దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం ఏ జిల్లా పరిషత్ హైస్కూలు మైదానానికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. పీఈటీ సారు నెట్టు పక్కన నిలబడి బంతి లేపుతుంటారు. ఇరవై మంది పిల్లలు వరుసలో నిలబడి ఒక్కొక్కరే పరుగెత్తుకొచ్చి బాదుతారు. గట్టిగా కొట్టినవాడికి ఈలలు. బంతి ప్రహరీగోడ దాకా పోతే మరీ పెద్ద ఈల. ఆ వరుసలో అందరికన్నా గట్టిగా కొట్టిన కుర్రాడే వారం తిరక్కుండా మండల పోటీల్లో బంతిని నెట్టుకు కొడతాడు, లేదా ఆమడ దూరం పంపుతాడు. "ఏమైందిరా నీకు?" అని సారు అడుగుతారు. వాడికేమీ కాలేదు. వరుసలో వాడికి వచ్చిన బంతి సారు చేతి నుంచి, రోజూ అదే చోటికి, అదే ఎత్తుకు వచ్చింది. పోటీలో వచ్చింది తనలాంటి ఇంకో పదిహేనేళ్ల పిల్లాడి చేతి నుంచి. వాడికి కొట్టడం వచ్చింది, దాడి చేయడం ఇంకా రాలేదు. రెండూ ఒకటి కాదని చెప్పడానికి బడి స్థాయి భౌతికశాస్త్రం చాలు.

లెక్క కోసం పన్నెండో తరగతి అమ్మాయిని ఒకరిని ఊహించుకుందాం. స్త్రీల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. ఈ అమ్మాయి ఎగిరి, చెయ్యి చాచి, 2.60 మీటర్ల ఎత్తులో బంతిని కొడుతోంది. బంతి నెట్టుకు ఒక మీటరు ఇవతల ఉంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో కొట్టిందనుకుందాం. గాలి నిరోధాన్ని, బంతి తిరుగుడును ప్రస్తుతానికి పక్కన పెడదాం. బంతి నెట్టుకు తగలకుండా దాటాలి, అవతల తొమ్మిది మీటర్ల లోపల పడాలి. కొంచెం కిందికి కొడితే నెట్టు, కొంచెం పైకి కొడితే అవుట్. ఈ రెండింటి మధ్య ఆ అమ్మాయికి మిగిలే సందు ఆరు డిగ్రీల కన్నా తక్కువ.

ఇప్పుడు అదే అమ్మాయి అదే బంతిని పది సెంటీమీటర్లు పైన, 2.70 మీటర్ల దగ్గర అందుకుంటే? సందు పదిన్నర డిగ్రీలకు దగ్గరవుతుంది. జానెడు కూడా లేని ఎత్తుకు అవకాశం దాదాపు రెట్టింపు అయిందన్నమాట. కోచ్‌లు "బంతిని పైనే పట్టు, పైనే పట్టు" అని గొంతు చించుకునేది ఇందుకే.

మూడో లెక్క ఇంకా ముఖ్యమైనది. ఎత్తు మళ్లీ 2.60 మీటర్లే, వేగం అదే. కానీ లిఫ్ట్, అంటే రెండో స్పర్శలో లేపిన బంతి, సరిగా పడలేదు. బంతి నెట్టుకు ఒక మీటరు దూరంలో ఉండాల్సింది రెండు మీటర్ల దూరంలో పడింది. ఇప్పుడు సందు ఎంత? లెక్క వేస్తే డిగ్రీలో పదోవంతు వస్తుంది. అంటే మూసుకుపోయినట్టే. ఆ అమ్మాయి ఎంత బలంగా, ఎంత చక్కగా కొట్టినా నెట్టుకో బయటికో పోవడమే. ఈలలు ఆగిపోతాయి, "చేతికొచ్చిన బంతి పాడుచేసింది" అంటారు. పాడైంది రెండో స్పర్శలో. చాలాసార్లు మొదటి స్పర్శలోనే. సర్వీసును అందుకున్న పిల్ల బంతిని లిఫ్టర్ తల మీదికి కాక పక్కకు పంపింది. లిఫ్టర్ పరుగెత్తి, వంగి, ఎలాగో లేపింది. చివరిపిల్ల చేతిలో ఆ తప్పు బయటపడింది.

అయితే ఆ మూసుకుపోయిన సందును తెరిచే దారులు రెండున్నాయి. రెండు మీటర్ల దూరం నుంచే వేగాన్ని 72 నుంచి 54 కిలోమీటర్లకు తగ్గిస్తే చాలు, దాదాపు ఐదు డిగ్రీల సందు మళ్లీ దొరుకుతుంది. నెమ్మదిగా పోయే బంతికి కిందికి వంగడానికి సమయం ఎక్కువ ఉంటుంది కాబట్టి. రెండో దారి మణికట్టు. బంతి పైభాగం మీదుగా అరచేతిని తిప్పి కొడితే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ పోతుంది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని పైవైపుకు విరజిమ్ముతుంది, ఆ ప్రతిచర్యగా తాను కిందికి దిగుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. క్రికెట్‌లో స్పిన్నర్ బంతి గాల్లోనే దిగిపోయి బ్యాట్స్‌మన్‌ను మోసం చేసేదీ ఈ సూత్రంతోనే. కాబట్టి లిఫ్ట్ చెడితే ఏం చేయాలో నేర్పడం కూడా దాడి నేర్పడంలో భాగమే. ఖాళీ చోటుకు ప్లేసింగ్ వేయడం, బ్లాక్‌కు నిలబడ్డవాళ్ల వేళ్లకు తగిలించి బయటికి పంపడం, వెనక మూలకు తిప్పి కొట్టడం, ఇవన్నీ ఆ కోవలోవే. మన మైదానాల్లో ప్లేసింగ్ వేసినవాణ్ణి 'భయపడ్డాడు' అని ఎగతాళి చేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం. వాడే లెక్క సరిగ్గా వేశాడు.

ఎత్తు సంగతి చెప్పుకున్నాం, ఇక సమయం. ఆ అమ్మాయి నలభై సెంటీమీటర్లు ఎగురుతుందనుకుందాం. నేల విడిచింది మొదలు మళ్లీ నేల తాకేదాకా 0.57 సెకన్లు. ఇందులో సగం, అంటే 0.29 సెకన్లు, ఆమె పైనున్న ఆఖరి పది సెంటీమీటర్లలోనే గడుపుతుంది. పైకి పోతున్నకొద్దీ వేగం తగ్గుతుంది, శిఖరం దగ్గర క్షణం ఆగినట్టు ఉంటుంది. జిమ్మీ జార్జ్ లాంటి ఆటగాళ్లు గాల్లో నిలబడిపోయేవారని పాతవాళ్లు చెబుతారు. ఎవరూ నిలబడరు గానీ, మన కంటికి అలా కనిపించడానికి కారణం మాత్రం ఇదే.

బంతి పరిస్థితి వేరు. లిఫ్టర్ దాన్ని నాలుగున్నర మీటర్ల ఎత్తుకు లేపింది. అక్కడి నుంచి 2.60 మీటర్ల దగ్గరికి దిగేసరికి దాని వేగం సెకనుకు ఆరు మీటర్లు దాటుతుంది. ఆ పది సెంటీమీటర్ల మేరను అది 0.02 సెకన్ల లోపే దాటేస్తుంది. అమ్మాయి అక్కడ ఉండేది 0.29 సెకన్లు, బంతి ఉండేది 0.02 సెకన్లు. స్మాష్ అంటే ఈ రెండింటినీ ఒకే చోట కలపడం.

కలపాలంటే ఎప్పుడు పరుగు మొదలుపెట్టాలి? లిఫ్టర్ వేళ్ల నుంచి వదిలిన బంతి పైకి పోయి కొట్టే ఎత్తుకు దిగడానికి సుమారు 1.3 సెకన్లు. అందులో ఎగిరి శిఖరం చేరడానికి 0.29 పోతే, పరుగుకు మిగిలింది ఒక్క సెకను. మూడు అంగల పరుగుకు ఒక సెకను ఎక్కువే. ఉత్సాహం ఆగని పిల్లలు బంతి లిఫ్టర్ చేతిలో ఉండగానే బయలుదేరతారు, బంతి ఇంకా పైన ఉండగానే ఎగిరేస్తారు, తాము దిగిపోతుంటే బంతి తల వెనకకు పోతుంది. "సార్, ఇంకొంచెం పైకి లేపమనండి సార్" అని లిఫ్టర్ మీద ఫిర్యాదు. "అది లేపింది బాగానే ఉందమ్మా, నువ్వు ఆగి రా" అని సారు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో కనిపించే పొరపాట్లలో మొదటిది ఇదే. దానికి మందు కూడా తేలిక. కొట్టవద్దు, ఎగిరి రెండు చేతులతో తల పైన బంతిని పట్టుకోమంటే చాలు. పట్టుకున్న చోటు నుదుటికి ముందు, చేతులు పూర్తిగా చాచి ఉంటే పరుగు సరిపోయినట్టు. మోచేతులు వంగి ఉంటే తొందరపడినట్టు. బంతిని బాదేటప్పుడు కనపడని తేడా పట్టుకునేటప్పుడు ఇట్టే కనపడుతుంది.

పరుగులోనూ ఒక కిటుకు ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటిది చిన్నది. రెండోది పొడవుగా, ఒళ్లు కొంచెం కిందికి కుంగేలా. మూడోది వెంటనే పక్కన పడి ముందుకు పోయే ఊపును ఆపుతుంది. ఆ ఆగిన ఊపే పైకి తిరుగుతుంది. కుంగినప్పుడు తొడ, పిక్క కండరాలూ వాటి స్నాయువులూ సాగి, వెంటనే ముడుచుకుంటూ, సాగేటప్పుడు దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తాయి. కుంగి ఆగిపోతే ఆ శక్తి వేడిగా వృథా అవుతుంది, అందుకే కుంగడానికీ లేవడానికీ మధ్య ఆలస్యం ఉండకూడదు. చేతులు వెనక్కి పోయి ముందుకు ఊగడం వల్ల ఎగిరే ఎత్తు పది శాతం, అంతకు పైగా కూడా పెరుగుతుందని కొలిచి చూశారు. నలభై సెంటీమీటర్లలో పది శాతమంటే నాలుగు సెంటీమీటర్లు. పైన చెప్పిన సందు లెక్కలో అది చిన్న మాట కాదు.

మన బడుల్లో చాలావరకు మట్టి కోర్టులే కదా, దానికి ఒక లాభం ఉంది. నీళ్లు చల్లి చదును చేసిన ఎర్రమట్టి మీద పాదముద్రలు పడతాయి. ఎగిరిన చోట రెండు ముద్రలు, దిగిన చోట రెండు ముద్రలు. రెండు జతల మధ్య దూరం అడుగులోపు ఉంటే పరుగు పైకి తిరిగినట్టు. నాలుగడుగులు ఉంటే ఆ పిల్లవాడు లాంగ్‌జంప్ చేశాడన్నమాట, ఇంకాస్తుంటే నెట్టులో చిక్కుకుంటాడు. దిగిన ముద్ర ఒక్కటే లోతుగా ఉంటే ఒంటికాలి మీద దిగుతున్నాడు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి పుట్టించేది, ఎదుటివాడి పాదం మీద పడి చీలమండ బెణికించేది ఈ ఒంటికాలి దిగుడే. ఇండోర్ స్టేడియంలో చెక్క నేల మీద ఇంత సమాచారం కావాలంటే కెమెరా పెట్టాలి.

ఇక చెయ్యి. బలం చేతిదని పిల్లలు అనుకుంటారు, కానీ దెబ్బ నడుము నుంచి మొదలవుతుంది. ముందు తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, ఆ తర్వాత భుజం, మోచేయి, చివరికి మణికట్టు. ఒక్కొక్కటీ తిరిగి ఆగుతూ తన వేగాన్ని తర్వాతి దానికి అందిస్తుంది. చర్నాకోల విసిరినప్పుడు పిడి దగ్గర నెమ్మదిగా ఉన్న కదలిక కొసకు చేరేసరికి ఛెళ్లుమన్నట్టే ఇక్కడా వేగం అరచేతికి వచ్చి చేరుతుంది. బక్కపలచని పిల్ల లావుపాటి పిల్ల కన్నా గట్టిగా కొట్టడం ఎవరైనా చూసే ఉంటారు. ఆ వరుస తప్పకుండా కుదిరింది కాబట్టి కొట్టగలిగింది.

ఇదంతా పిల్లలకు ఎలా చెప్పాలన్నది వేరే శాస్త్రం. "మణికట్టు విరువు, మోచేయి పైకెత్తు, భుజం తిప్పు" అని చెబితే పిల్లవాడి ధ్యాస తన ఒంటి మీదికి పోతుంది. "బంతి నెత్తి మీద కొట్టు, వెనక గీత దగ్గర దింపు" అంటే ధ్యాస బంతి మీద, చేరాల్సిన చోటు మీద ఉంటుంది. చెప్పిన విషయం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. గాబ్రియేలె వుల్ఫ్ బృందం 2002లో వాలీబాల్ సర్వీసు మీదే దీన్ని పరీక్షించింది. కొత్తవాళ్లలోనూ అనుభవం ఉన్నవాళ్లలోనూ రెండో రకం సూచనలు అందుకున్నవాళ్ల సర్వీసులే గురికి దగ్గరగా పడ్డాయి. ఒంటి కదలికను ఒంటికే వదిలేస్తే అది తనంతట తాను సర్దుకుంటుందని ఆ పరిశోధకుల వివరణ.

వరుసలో నిలబెట్టి ఒకే బంతిని వందసార్లు కొట్టించడం గురించి కూడా ఒక మాట. బాడ్మింటన్‌లో మూడు రకాల సర్వీసులు నేర్పుతూ 1986లో గూడ్, మాగిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒక్కో రకాన్ని విడివిడిగా వరుసపెట్టి నేర్పారు, కొందరికి మూడింటినీ కలగలిపి ఇచ్చారు. తర్వాత పరీక్ష పెట్టినప్పుడు కలగలిపి నేర్చుకున్నవాళ్లదే పైచేయి. ప్రతిసారీ ఏది వేయాలో కొత్తగా ఆలోచించుకోవాల్సి రావడం వల్ల నేర్చినది నిలిచింది. చిన్నపిల్లల విషయంలో ఇలాంటి ప్రయోగాల ఫలితాలు ఇంత ఏకరీతిగా రాలేదు, మొదటి నెలలో వరుస తప్పు కాదు. కానీ ఏడాదంతా వరుసే అయితే పిల్లలు నేర్చుకునేది వరుసలో కొట్టడమే.

వరుసకు బదులేమిటి? ఉన్న ఒక్క కోర్టు మీద అడ్డంగా పొడవాటి తాడు కట్టి మూడు చిన్న కోర్టులు చేసి, ముగ్గురు ముగ్గురుగా ఆడించడం. ఆరుగురు ఆరుగురుగా ఆడినప్పుడు పన్నెండు మందికి ఒకటే బంతి. పైగా కొత్తవాళ్ల ఆటలో ర్యాలీలు చాలావరకు సర్వీసు దగ్గరే ముగుస్తాయి, మూలన నిలబడ్డ పిల్లకు పది నిమిషాల్లో ఒక్కసారి కూడా బంతి తగలదు. ముగ్గురి ఆటలో తప్పించుకునే దారి లేదు. మూడు స్పర్శలు, ముగ్గురు మనుషులు. మొదట్లో రెండో బంతిని పట్టుకుని లేపొచ్చని సడలింపు ఇస్తే దాడి దాకా ఆట సాగుతుంది. నెల తర్వాత ఆ సడలింపు తీసేయొచ్చు. లిఫ్టర్‌కు పాత సైకిల్ టైరు ఒకటి చాలు. లేపిన బంతిని ఎవరూ కొట్టకుండా వదిలేస్తే అది నెట్టుకు మీటరు ఇవతల పెట్టిన ఆ టైరులో పడాలి. రెండు మీటర్ల దూరంలో పడితే ఏమవుతుందో ముందే లెక్కేశాం.

బంతుల కొరత నిజమే. ఇరవై మందికి రెండు బంతులున్న బడులు తక్కువేమీ కావు. ఆ రెండు బంతులతో కూడా వరుసలో కన్నా చిన్న కోర్టుల్లోనే ఒక్కో పిల్లకు ఎక్కువ స్పర్శలు వస్తాయి.

ఇక అందరూ కలిసి ఆడటం గురించి. దీని మీద తొలి ప్రయోగాలు చేసినవాడు ఒక వ్యవసాయ ఇంజినీరు. ఫ్రాన్స్‌కు చెందిన మాక్స్ రింగెల్మన్ మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచి, 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఒంటరిగా లాగినప్పటి బలాన్ని వంద అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు 93, ముగ్గురైతే 85, ఎనిమిది మంది అయ్యేసరికి 49. మనుషులు పెరిగినకొద్దీ ఒక్కొక్కరూ పెట్టే బలం తగ్గింది. కారణాలు రెండు. ఒకటి, అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం. రెండు, పక్కవాడు లాగుతున్నాడులే అన్న నిశ్చింత. 1974లో ఆలన్ ఇంగమ్ బృందం కళ్లకు గంతలు కట్టి, వెనక మనుషులు లాగుతున్నట్టు నటింపజేసి చూసింది. నిజానికి ఒక్కడే లాగుతున్నా, వెనక తోడున్నారని నమ్మినవాడి బలం తగ్గింది.

వాలీబాల్ కోర్టులో ఈ నిశ్చింత ఎక్కడుంటుందో చూపించడం తేలిక. ఇద్దరు మంచి ఆటగాళ్ల మధ్య, ఇద్దరికీ సమాన దూరంలో, ఇద్దరూ చూస్తుండగా బంతి టప్పున పడుతుంది. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనకందరికీ తెలిసిన దృశ్యమే. దీనికి చికిత్స 'కలిసి ఆడండి' అన్న ఉపదేశం కాదు. ఎవరి వంతు ఎంతో బయటికి తెలిస్తే ఈ నిశ్చింత తగ్గుతుందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. కోర్టులో అది మూడు పనులుగా మారుతుంది. సర్వీసు రాకముందే మధ్య బంతి ఎవరిదో తేల్చుకోవాలి. ఎదురుగా వచ్చే బంతికి కుడిపక్కవాళ్లా, ఎడమపక్కవాళ్లా అన్నది ముందే ఒప్పందం కావాలి. రెండోది, బంతి నెట్టు దాటకముందే "నాది" అని అరవాలి. దాటాక అరిస్తే అది సమాచారం కాదు, వట్టి కేక. మూడోది, పక్కనున్నవాళ్లు "నీదే అక్కా" అని బదులివ్వాలి. చిన్న తరగతి పిల్లలు పెద్ద తరగతి వాళ్ల ముందు నోరు విప్పరు, ఇది మన బడుల్లో ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. తొమ్మిదో తరగతి పిల్లకు "నాది" అని అరిచే హక్కు ఉందని పదో తరగతి వాళ్ల ఎదుటే సారు చెప్పాలి. అరవకుండా అందుకున్న బంతికి, అది ఎంత బాగా అందుకున్నా సరే, పాయింటు లేదని సాధనలో నియమం పెడితే వారంలో గొంతులు లేస్తాయి.

ఎత్తు తక్కువ ఉన్న జట్టు కలిసి ఆడి ఎంత దూరం పోగలదో జపాన్ చూపించింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్ తొలిసారి చేరినప్పుడు జపాన్ పురుషుల జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ తర్వాత కోచ్‌గా వచ్చిన యసుతకా మత్సుదైరా ఎనిమిదేళ్లలో బంగారం తెస్తానన్నాడు. యూరప్ జట్ల పొడగరుల మీద నుంచి కొట్టడం కుదరదు కాబట్టి, వాళ్లు ఎగరకముందో, ఎగిరి దిగుతుండగానో కొట్టాలి. బంతిని నాలుగున్నర మీటర్లకు లేపడం మానేసి, లిఫ్టర్ పక్కనే అడుగు రెండడుగులు మాత్రమే లేపించాడు. స్మాషర్ ముందే ఎగిరి సిద్ధంగా ఉంటాడు, బంతి శిఖరం చేరేచోటే కొట్టేస్తాడు. ఇక్కడ మన పాత లెక్క ఇంకో రకంగా పనికొస్తుంది. శిఖరం దగ్గర బంతి కూడా మనిషిలాగే 0.29 సెకన్లు ఆ పది సెంటీమీటర్లలో ఉంటుంది. ఇద్దరూ నిలకడగా ఉన్నచోట కలపడం, లోతుగా చూస్తే, తేలికే. కష్టమంతా లిఫ్టర్, స్మాషర్ ఒకరి గడియారం ఒకరికి తెలియడంలో ఉంది. 1968లో జపాన్‌కు రజతం, 1972 మ్యూనిక్‌లో బంగారం. సెమీఫైనల్లో బల్గేరియా చేతిలో మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని, మిగతా మూడూ గెలిచి మరీ ఫైనల్‌కు చేరారు.

మత్సుదైరా దగ్గరున్న ఇంకో ఆయుధం డమ్మీ. ఒకరు దగ్గర బంతికి ఎగురుతారు, ఎదుటి బ్లాకర్ అతనితోపాటు ఎగురుతాడు, బంతి మాత్రం ఆ వెనక నుంచి వచ్చిన ఇంకొకరికి పోతుంది. బ్లాకర్ దిగేలోగా దెబ్బ పడిపోతుంది. ఇందులో పనిచేసేది మెదడుకున్న ఒక పరిమితి. ఎంచుకోవాల్సినవి పెరిగినకొద్దీ స్పందించడానికి పట్టే సమయం పెరుగుతుందని విలియం హిక్ 1952లో కొలిచి చూపించాడు. దాడికి ఒక్కరే వస్తున్నారని తెలిస్తే బ్లాకర్ చూసిన వెంటనే కదులుతాడు. ముగ్గురు వస్తుంటే ఎవరన్నది తేల్చుకోవడానికే సమయం పోతుంది. 0.57 సెకన్ల ఎగురుడులో ఆ కాస్త ఆలస్యమే చాలు.

బడి పిల్లలకు అన్నింటికన్నా కష్టంగా నేర్పాల్సింది ఈ డమ్మీనే. బంతి రాదని తెలిసీ పూర్తి పరుగు తీసి, పూర్తిగా ఎగిరి, చెయ్యి విసరాలి. సగం ఎగిరితే బ్లాకర్ నమ్మడు. నాలుగుసార్లు ఎగిరి నాలుగుసార్లూ బంతి రాకపోతే ఏ పిల్లకైనా విసుగే. "నాకెందుకు వేయవు?" అని లిఫ్టర్‌తో తగవు కూడా. ఇక్కడ స్కోరు పుస్తకం సాయపడుతుంది. మామూలుగా అందులో కొట్టినవాళ్ల పేరే రాస్తారు. సాధన ఆటలో ఇంకో గడి గీసి, డమ్మీకి బ్లాకర్ ఎగిరాడా లేదా అన్నది ఆడకుండా ఖాళీగా ఉన్న పిల్లల చేత రాయించాలి. బ్లాకర్ మోసపోయి, బంతి అవతల పడితే రెండు పాయింట్లు, ఒకటి కొట్టిన పిల్లకు, ఒకటి ఊరికే ఎగిరిన పిల్లకు. బ్లాకర్ కదలకపోతే ఒక్కటే. అప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్ల చూపు కూడా బంతి మీద నుంచి కొంచెం పక్కకు జరుగుతుంది, "అది నిజంగా ఎగిరిందా, ఉత్తుత్తినే ఎగిరిందా" అని వాదించుకుంటారు.